క్రౌర్య పరిరక్షణ

మా క్వార్టర్లు క్రూరమైనవని మాకు మొదటినుంచీ తెలుసు. అధికారికంగా తెలిసింది మాత్రం మొన్న ఆషాఢంలో.

మాది నగరంలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం. పేరుతో పని లేదు, అన్నిచోట్లా లెటర్‌హెడ్డు ఒక్కలాగే ఉంటుంది. అధ్యాపకులు కాపురం ఉండడానికి యాభై ఏళ్ళ కిందట కట్టిన తొమ్మిది బ్లాకుల సముదాయం మాది. పేరు విద్యాశిల. విదేశాల్లో చదువుకొచ్చిన ఒక ఆర్కిటెక్టు గీశాడట. సున్నం లేదు, రంగు లేదు, ప్లాస్టరింగు లేదు. పోసిన కాంక్రీటు పోసినట్టే, సెంట్రింగు చెక్కల అచ్చులతో సహా కనిపిస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు "పని ఇంకా పూర్తి కాలేదా అండీ?" అని అడుగుతారు. "అవుతోంది" అంటాం పాతవాళ్ళం.

కిటికీలు ఎనిమిదడుగుల ఎత్తున జానెడు వెడల్పున ఉంటాయి. వాటిలోంచి ఆకాశం తప్ప మరేదీ కనిపించదు, అదీ మంచం మీద వెల్లకిలా పడుకుంటేనే. వాననీళ్ళు పోవడానికి డాబా అంచున కాంక్రీటు తూములు పెట్టారు. అవి సరిగ్గా గుమ్మం ముందు నిలబడి గొడుగు విప్పుకుంటున్న మనిషి నెత్తిన పోస్తాయి. ఇక మెట్లు. గోడలోంచి ఒక్కొక్క పలక పొడుచుకొచ్చి ఉంటుంది. ఒక పక్క గోడ, రెండో పక్క గాలి. ఒక మనిషి పట్టేంతే వెడల్పు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఎడంచెయ్యి గోడకి రాసుకుంటూ, కుడిచేత్తో దేవుణ్ణి పట్టుకుని దిగుతాం.

మేం ఉండేది మూడో బ్లాకు రెండో అంతస్తులో. మేం అంటే నేనూ, నా భార్య మందాకినీ. ఆవిడ పోయిన వైశాఖంలో కూరగాయల మార్కెట్లో టమాటా తొక్క మీద కాలు వేసి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. మార్కెట్లోనే అని గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఒక అధికారి ఆ ప్రమాదాన్ని మా మెట్ల ఘనతగా రాసుకోబోయాడు.

ఆపరేషనయింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజున కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు, ఒకరి వెనక ఒకరై, మోసుకుంటూ పైకి తెచ్చారు. ఇంట్లోకి వచ్చాక ఆవిడ ఒట్టు పెట్టుకుంది. "ఇక దిగితే నా కాళ్ళతోనే దిగుతాను. నలుగురు మోసుకెళ్ళడమనేది మనిషికి ఒక్కసారే ఉండాలి, అది ఇప్పుడే కాదు." డాక్టరు కూడా అదే అన్నాడు. ఇంట్లో నడిస్తే చాలదు, మెట్లు ఎక్కి దిగాలి, ఆరు నెలల్లోగా అది అలవాటు కాకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత తాను చెయ్యగలిగింది లేదు అన్నాడు. పట్టుకోవడానికి కమ్మీ ఒకటుంటే చాలునన్నాడు. అంత చిన్న విషయం.

నేను రెయిలింగు కోసం దరఖాస్తు పెట్టాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. నా పేరు యేలేటి సోమనాథం, తెలుగు శాఖలో ఆచార్యుణ్ణి. తెలుగు శాఖలో పని తక్కువని ఎవరికో తోచడం వల్ల పారిభాషిక కేంద్రం కూడా నా నెత్తిన పెట్టారు. ఆఫీసుకి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా దాన్ని తెలుగు చెయ్యడం నా బాధ్యత. ఇప్పటికి నాలుగు వేల మాటలు పుట్టించాను. వాటిలో పదకొండు మాటలు నేను కాక వేరేవాళ్ళు కూడా వాడగా విన్నాను.

జ్యేష్ఠమాసంలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగూ నలభైకి "అత్యవసరం" అని ఒక కాగితం వచ్చింది. పురాతన కట్టడాలకు గుర్తింపు ఇచ్చే ఒక సంస్థ రాసింది. మా విద్యాశిల 'బ్రూటలిస్ట్' శైలికి అరుదైన ఉదాహరణ అనీ, ఆ స్వభావాన్ని చెక్కుచెదరకుండా కాపాడాలనీ సారాంశం. ఆ మాటకి తెలుగు కావాలి. నిఘంటువు తీశాను. బ్రూటల్ అంటే క్రూరమైన, పాశవికమైన, రాక్షసమైన. మా మెట్లు తలచుకున్నాను. అర్థం సరిపోయిందనే అనిపించింది.

సోమవారం ఐదుగురు పండితుల సంఘం కూర్చుంది. మొదట 'పాశవిక శైలి' అనుకున్నాం. పశువైద్య కళాశాల నుంచి వచ్చిన సభ్యుడు ఒప్పుకోలేదు, ఏ పశువూ ఇలాంటిది కట్టదన్నాడు. 'రాక్షస శైలి' అంటే సంస్కృతం ఆచార్యులు కోప్పడ్డారు. రాక్షసుల ఇళ్ళు చాలా సౌకర్యంగా ఉండేవట, లంకావర్ణన చదివి వినిపించారు. చివరికి 'క్రూర'నా 'క్రౌర్య'మా అన్న దగ్గర మూడు గంటలు వాదన జరిగింది. రెండూ గురువూ లఘువూ కలిసిన హగణాలే అయినా, 'క్రౌర్య' హగణమే నాలుక మీద చక్కగా నిలుస్తుంది అని నేను పట్టుబట్టాను. నా మాటే నెగ్గింది. ఆ మూడు గంటల్లో ఆ మాటకి అసలు అర్థం అదేనా అని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. టిఫిన్ మాత్రం బాగుంది.

అలా ఆషాఢం మొదటివారంలో ఉత్తర్వు తెలుగులో వెలువడింది.

రెండో వారంలో ఎస్టేటు ఆఫీసరు నుంచి నాకు పిలుపొచ్చింది. ఆయన పేరు దామెర జనార్దనరావు. ఆయన మాట్లాడినా సర్క్యులర్ చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కూడా "మజ్జిగ వడ్డించవలసినదిగా కోరడమైనది" అంటారని చెప్పుకుంటారు.

"ప్రొఫెసర్ గారూ, తమ దరఖాస్తు పరిశీలించడమైనది. రెయిలింగు అమర్చినచో మెట్ల క్రౌర్యము ఎంత శాతము తగ్గునో తమరు పేర్కొనలేదు."

"క్రౌర్యం తగ్గితే మంచిదే కదండీ?" అన్నాను.

గోల్కొండ కోటకి పింకు రంగు వేద్దామన్నవాణ్ణి చూసినట్టు చూశారు. సొరుగులోంచి ఉత్తర్వు తీసి, కళ్ళజోడు సవరించుకుని చదివారు. "'ఈ సముదాయము యొక్క క్రౌర్య స్వభావమును యథాతథముగా పరిరక్షించవలెను. దానిని పలుచన చేయు ఎట్టి మార్పునూ అనుమతించరాదు.' ఇది తమరు రాసిన తెలుగే కదా?"

"నేను రాసిందే."

"చాలా చక్కగా రాశారు," అని నా దరఖాస్తు మీద 'తిరస్కరించడమైనది' ముద్ర వేశారు.

ఆ మెచ్చుకోలుకి నాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. అబద్ధమెందుకు, కలిగింది. ఇంటికొచ్చి మందాకినికి చెబితే ఆవిడ నా ముఖంలోకి చూసి, "ముందు ఆ నవ్వు తుడుచుకోండి," అంది.

శ్రావణం వచ్చేసరికి క్రౌర్య పరిరక్షణ విభాగం ఏర్పడింది. జనార్దనరావుగారు దానికి ప్రత్యేకాధికారి. కాపాడాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి కదా, అందుకని ఇంటింటికీ మనుషుల్ని పంపి క్రౌర్య గణన చేయించారు. నూటికి మార్కులు. "ఇచ్చట నివసించుట వలన తమకు కలుగుచున్న బాధ: స్వల్పము, మధ్యస్థము, తీవ్రము" అని కాగితం మీద మూడు గళ్ళు. నెలకి ఎన్నిసార్లు తల గుద్దుకుంది, ఎన్ని గదుల్లో వాన కురుస్తుంది, వేసవిలో గోడకి చెయ్యి ఆనించగలరా లేదా, అన్నీ రాసుకున్నారు.

లెక్క తేలాక చర్యలు మొదలయ్యాయి. మేం సొంతంగా డాబా మీద పరిపించుకున్న తారు షీట్లు పీకెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఏళ్ళలో ఇంజినీరింగు విభాగం చెప్పిన రోజున, చెప్పిన టైముకి రావడం అదే మొదటిసారి. గొడుగులు పెట్టుకుని వచ్చి మరీ పీకారు. వాళ్ళతోబాటు మా బ్లాకు వాచ్‌మన్ కొమురయ్య కూడా ఉన్నాడు. కొమురయ్యకి రాతంటే గురి. కాగితం మీద అచ్చయిందేదైనా సరే, ఆయనకి వేదం.

"ఏం కొమురయ్యా, నువ్వు కూడానా?" అన్నాను.

"నేనేం జెయ్యాలె సార్, కాయితం ఉన్నది. రాసినదాన్ని నేను కొట్టెయ్యలేను గద. మా అర్రల గూడ కురుస్తనే ఉన్నది," అన్నాడు, తారు షీటు భుజాన వేసుకుంటూ.

ఐదో బ్లాకులో ఉండే వృక్షశాస్త్రం అప్పలస్వామిగారికి ముప్పై ఎనిమిది మార్కులే వచ్చాయి. ఆయన వరండాలో పేము ఉయ్యాల దొరికింది. "తమరు సదరు క్వార్టరునందు సుఖముగా ఉన్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. ఇందుకు సంజాయిషీ ఏడు రోజులలోగా సమర్పించవలెను" అని నోటీసు. పాపం అప్పలస్వామిగారు ఏడు రోజులూ ఉయ్యాలకేసి చూడకుండా తిరిగి, "ఉయ్యాల మీద కూర్చున్న మాట నిజమే గాని, కూర్చున్నంతసేపూ నడుము నొప్పిగానే ఉండేదండి" అని రాసిచ్చారు. హెచ్చరికతో వదిలేశారు. భౌతికశాస్త్రం ఆచార్యుడికి తొంభై ఒకటి వచ్చింది. నుదుటి మీద బొప్పి చూపించుకుంటూ తిరిగాడు. పదోన్నతికి క్రౌర్య మార్కులు కూడా కలుపుతారని పుకారు పుట్టాక, ఇళ్ళల్లో ఫ్యాన్లు ఆపేసుకుని కూర్చున్నవాళ్ళని నేనెరుగుదును.

కింది అంతస్తులో ఇల్లొకటి ఖాళీగా ఉంటే అందులోకి మార్చమని అడిగాను. దాన్ని అప్పటికే 'సందర్శకుల క్రౌర్యానుభవ కేంద్రం' చేసేశారు. అక్కడ కూర్చోవడానికి కాంక్రీటు దిమ్మలు మాత్రమే ఉంటాయి.

మా ఇంటికి వచ్చిన మార్కులు తొంభై ఏడు. తొమ్మిది బ్లాకుల్లో అదే మొదటి స్థానం. జనార్దనరావుగారు స్వయంగా ఇత్తడి పలక పట్టించుకుని వచ్చారు, నలుగురు ఉద్యోగుల్నీ, ఒక ఫోటోగ్రాఫర్నీ వెంటబెట్టుకుని. మెట్లెక్కిన ఆయాసం తీరాక మందాకినికి నమస్కారం పెట్టారు.

"అమ్మా, తమరు మూడు మాసములుగా కిందికి దిగలేకపోవుట ఈ బ్లాకునకే తలమానికము. తమ కాలు విరిగినది ఈ మెట్ల మీదనే అని రాసుకొనుటకు అనుమతి కోరడమైనది. మరి మూడు మార్కులు కలియును."

"మార్కెట్లో టమాటా తొక్క మీద పడ్డానండీ," అంది మందాకిని.

"అది మార్కెట్టు యొక్క క్రౌర్యము కిందకు పోవును. మనకు నష్టము."

"నాకు కిందికి దిగాలని ఉంది."

ఆయన ముఖం చిన్నబోయింది. "తొందరపడవలదని మనవి. తమరు దిగినచో ఈ బ్లాకు మొదటి స్థానము కోల్పోవును. ఆశ్వయుజ మాసములో నిపుణుల బృందము వచ్చుచున్నది."

ఆ తర్వాత రెండు వారాలు విద్యార్థుల గుంపులు వచ్చాయి. గైడు మా గుమ్మం ముందు ఆగి, "ఇక్కడ దిగలేని మహిళ నివసిస్తున్నారు" అని చెప్పేవాడు. మందాకిని రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "బాబూ, ఈ ఇంట్లోనే ఆ మాట కనిపెట్టిన మగవాడు కూడా ఉన్నాడు, ఆయన్ని కూడా చూసిపొండి," అని నన్ను చూపించడం మొదలుపెట్టింది. నేను లైబ్రరీలో ఎక్కువసేపు గడపడం అలవాటు చేసుకున్నాను.

భాద్రపదంలో క్రౌర్య వారోత్సవాలు జరిగాయి. వ్యాసరచన పోటీ, ముగ్గుల పోటీ, క్రౌర్య జ్యోతి. ముగింపు సభలో ఉపకులపతిగారు, "క్రౌర్యంలో మనం దేశంలోనే మూడో స్థానంలో ఉన్నాం. అందరం సమష్టిగా కృషి చేస్తే వచ్చే ఏడాదికి మొదటి స్థానం మనదే" అన్నారు. చప్పట్లు మోగాయి. చప్పట్ల మధ్య నేను వేళ్ళ మీద నెలలు చూసుకున్నాను. డాక్టరు చెప్పిన ఆరింటిలో నాలుగు అయిపోయాయి. ఇంట్లో మందాకిని పొద్దున ఇరవైసార్లు, సాయంత్రం ఇరవైసార్లు గుమ్మం దాకా నడిచి, మొదటి మెట్టు దగ్గర నిలబడి, కిందికి చూసి వెనక్కి వస్తోంది. నేను చూడలేదనుకుంటోంది. చూసిన ప్రతిసారీ నా మీద నాకు అసహ్యం వేసేది.

ఆ వారంలోనే నస్రీన్ సుల్తానా వచ్చింది. నగరంలో ఒక ఆర్కిటెక్చరు కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి. మా మెట్లు గీసుకోవడానికి వచ్చి, గోడ మీద పెట్టిన 'క్రౌర్య సోపానము' అన్న పలక చదివి, పుస్తకం మూసేసి మా గుమ్మం దాకా ఎక్కి వచ్చింది. మందాకిని టీ ఇచ్చింది.

"సార్, ఈ మాట ఎవరు పెట్టారు?" అంది.

మందాకిని వేలు నావైపు లేచింది.

"ఏమనుకోకండి సార్. దానికీ క్రూరత్వానికీ ఏ సంబంధం లేదు. అది ఫ్రెంచి మాటలోంచి వచ్చింది. పైపూత లేని కాంక్రీటుని వాళ్ళు ముడి కాంక్రీటు అంటారు. మనం ముడి చమురు అంటాం చూడండి, అట్లా. అంతే. మెట్లకి రెయిలింగ్ పెట్టుకుంటే ఎవ్వరూ ఏమీ అనరు."

నస్రీన్‌గారు టీ తాగి, మెల్లిగా బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

"అంటే," అంది మందాకిని, "నేనింతకాలం ఈ గుమ్మం కాపలా కాస్తున్నది మీ హగణం కోసమా?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "తప్పయిపోయింది, మందా," అన్నాను. ఆ మాట నేను ఆవిడతో అని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు.

"తప్పయితే దిద్దండి. పరీక్ష పేపర్లలో పిల్లలవి దిద్దడం లేదూ?"

మర్నాడు పొద్దున్నే జనార్దనరావుగారి ముందు కూర్చుని ఉన్న సంగతంతా చెప్పాను. క్రౌర్యం తప్పనీ, ముడి అనాలనీ, ఆ మాట మార్చాలనీ.

ఆయన ఓపికగా విన్నారు. "పారిభాషిక పదముల స్థిరత్వ నియమావళి, మూడవ నిబంధన. 'ఒకసారి ఆమోదము పొందిన పదమును పది సంవత్సరముల వరకు మార్చరాదు.' ఈ నియమావళి రచయిత ఎవరు?"

నేనే. ఎవరో నా మాటల్ని మార్చేస్తారని భయపడి రాసుకున్నది.

"పైగా," అని ఆయన గొంతు తగ్గించారు, "ఈ విభాగములో పద్నాలుగు మంది ఉద్యోగులు ఉన్నారు. క్రౌర్యము లేదని తేలినచో వారు ఏమి చేయుదురు?"

అప్పుడు నాకు నా నియమావళిలోనే ఇంకో నిబంధన గుర్తొచ్చింది. మాట మార్చకూడదు గాని, దానికి అర్థవివరణ చేర్చవచ్చు. అక్కడే కూర్చుని రాసిచ్చాను: 'క్రౌర్య స్వభావము అనగా ఇచ్చట ముడి స్వభావము అని గ్రహించవలెను.'

జనార్దనరావుగారు అది రెండుసార్లు చదివారు. లేచి బీరువాలోంచి నిఘంటువు తీశారు. "అన్ని చర్యలూ నిఘంటువును అనుసరించియే ఉండవలెను," అని పేజీలు తిప్పారు. "ముడి. ఒకటి, తాడు మొదలగు వానియందు వేయు గ్రంథి. రెండు, కొప్పు. మూడు, శుద్ధి చేయనిది." నిఘంటువు మూశారు. "రెండవ అర్థము మహిళా అధ్యాపకులకు మాత్రమే వర్తించును, పక్షపాతమగును. మూడవది చివరగా ఉన్నది. సీనియారిటీ ప్రకారము మొదటి అర్థమునకే ప్రాధాన్యము."

"అది కాదండీ," అన్నాను.

"ముడి స్వభావమును పరిరక్షించవలెననిన, ముందు ముడి అనునది ఉండవలెను కదా. ఈ సముదాయములో ఒక్క ముడి అయినను కనబడుట లేదు. యాభై సంవత్సరములు ముడి లేకుండగనే నడిపించివేసినారు!" ఆయన నిజంగానే బాధపడుతున్నారు. "నా హయాములో ఈ లోపము సరిదిద్దబడును. నిపుణుల దృష్టికి ముందుగా ఆనునవి మెట్లు. పైనుండి క్రిందివరకు ఒక తాడు, దానికి మెట్టుకొక ముడి. తమ అభిప్రాయము?"

తప్పర్థం వింటే నాకు ఒళ్ళు మండుతుంది. క్లాసులో పిల్లవాడు సమాసం తప్పుగా విడదీస్తే సుద్దముక్క విసిరే రకాన్ని. నోరు తెరిచాను. మెట్ల పక్కన, పైనుంచి కిందిదాకా ఒక తాడు. నోరు మూసుకున్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.

"సముచితముగా ఉన్నది," అన్నాను.

తీరా చూస్తే ఇంజినీరింగు విభాగంలో ఎవరికీ ముడి వెయ్యడం రాదని తేలింది. వాళ్ళు వేసిన ముళ్ళు లాగితే జారిపోతున్నాయి. కొమురయ్య తల గోక్కున్నాడు. "మా బామ్మర్ది తాళ్ళెక్కుతడు సార్. కల్లు గీసేటోడు. ఆని మోకు మీద మనిషి పానమే నిలవడ్తది. ఆడు ముడి ఏసిండంటే ఊడదు."

ఆ బావమరిది వచ్చి, చెయ్యి మందాన ఉన్న మోకుని గోడ వెంబడి పరిచాడు. కాంక్రీటు పోసిననాటి ఇనుప కొక్కేలు గోడలో ఉండిపోయాయి, వాటికే బిగించాడు. "ఎంత ఎత్తుల కట్టాలె?" అని అడిగాడు. ముడికి సంబంధించిన విషయాల్లో తెలుగు ఆచార్యుణ్ణి సంప్రదించవలెనని ఉత్తర్వు ఉంది కాబట్టి ఆ ప్రశ్న నా దగ్గరికి వచ్చింది. నేను ఇంట్లోకి వెళ్ళి, నిలబడ్డ మందాకిని మోచెయ్యి ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలుచుకొచ్చి, "శాస్త్రప్రకారం ఇంత," అని చెప్పాను. రెండు అంతస్తులకీ కలిపి నలభై నాలుగు మెట్లు. నలభై నాలుగు ముళ్ళు వేశాడు. ఒక్కొక్కటీ జామకాయంత ఉంది.

నిపుణులు రావడానికి మూడు రోజుల ముందు జనార్దనరావుగారు వచ్చి తాడుని పైనుంచి కిందిదాకా చూశారు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ప్రొఫెసర్ గారూ, ఒక సాంకేతిక సందేహము. దీనిని ఎవరైన పట్టుకొన్నచో ఇది రెయిలింగు అగును. రెయిలింగు తిరస్కరించబడి ఉన్నది. పట్టుకొననంత వరకే ఇది ముడి."

ఆయన అక్కడే ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి సంతకం పెట్టి నా చేతికిచ్చారు. ముళ్ళను ఎవరూ పట్టుకోరాదని దాని భావం. "దీనిని తెలుగు చేసి బోర్డు రాయించగలరు. తెలుగు పాఠమే బోర్డు మీద ఉండవలెను, నియమము," అని వెళ్ళిపోయారు.

ఆ కాగితం పట్టుకుని టేబులు ముందు కూర్చున్నాను. వరండాలో మందాకిని అడుగుల చప్పుడు వినిపిస్తోంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి. డాక్టరిచ్చిన గడువు ఇంకో నెల. తెలిసీ తెలియక చేసిన తప్పులు నా ఖాతాలో చాలా ఉన్నాయి గాని, తెలిసి చేసినది ఒక్కటీ లేదు. కలం తీసి, గ్రాంథికంలో, ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాశాను:

'సోపానములనధిరోహించువారును అవరోహించువారును ముళ్ళను విడువరాదు. అతిక్రమించినవారు శిక్షార్హులు. – ప్రత్యేకాధికారి.'

బోర్డు మర్నాటికే వచ్చింది. నల్ల పలక మీద తెల్లటి అక్షరాలు, కింద జనార్దనరావుగారి సంతకం. గంభీరమైన తెలుగు కదా, ఎవరూ చదవలేదు. కొమురయ్య ఒక్కడే వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివి, నా దగ్గరికొచ్చి అర్థం కనుక్కుని వెళ్ళి, మెట్ల కింద తన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

ఆశ్వయుజం మొదట్లో నిపుణుల బృందం వచ్చింది. జనార్దనరావుగారు ముందు నడుస్తూ మెట్టు మీద కాలు పెట్టారు.

"సార్, తాడు పట్టుకోవాలె," అన్నాడు కొమురయ్య.

"ఏమిటి?"

"ముడి ఇడువకుండ ఎక్కాలె సార్. రూలు గట్ల రాసున్నది. మీ సంతకమే ఉన్నది."

జనార్దనరావుగారు బోర్డు చదివారు. మళ్ళీ చదివారు. నావైపు తిరిగారు. నేను సమాసాలు సరిచూస్తున్నవాడిలా బోర్డుకేసే చూస్తున్నాను. ఆయన వెనక నిపుణులున్నారు, ముందు తన సంతకం ఉంది. తన సంతకం తప్పని ఆయన ఉద్యోగజీవితంలో ఎన్నడూ అనలేదు. మెల్లిగా చెయ్యి చాపి మొదటి ముడి పట్టుకున్నారు. నిపుణులంతా ఆయన వెనకాలే ముళ్ళు పట్టుకుంటూ ఎక్కారు. ఈ బ్లాకు మెట్లు తాము విన్నంత కష్టంగా ఏమీ లేవని వాళ్ళలో ఒకాయన అనడం వినిపించింది.

వాళ్ళు డాబా మీదికి పోయాక మందాకిని గుమ్మంలోంచి బయటికొచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో సంచీ పట్టుకుని. నేను పైకెక్కి ఆవిడ ముందు, ఒక మెట్టు కింద నిలబడ్డాను. చెయ్యి ఇవ్వబోతే తోసేసింది. ముడి పట్టుకుంది. మొదటి మెట్టు దిగడానికి చాలాసేపు పట్టింది. రెండోది. మూడోది. పదో మెట్టు దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంటూ ఒక క్షణం చెయ్యి వదలబోయింది.

"అమ్మా, ఇడువకు!" అని కిందినుంచి కొమురయ్య గట్టిగా అరిచాడు. "ఇడిస్తే శిక్ష ఉన్నది!"

ఆవిడ నవ్వింది. ఐదు నెలల్లో ఆవిడ అలా నవ్వడం నేను వినలేదు. మళ్ళీ ముడి పట్టుకుంది. ఆఖరి మెట్టు దిగి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, చెప్పుల్లోంచి ఒక కాలు తీసి మట్టిని తొక్కి చూసుకుంది. నా కళ్ళు తడిశాయి. వాటిని కొమురయ్య చూడకుండా తుడుచుకున్నాను.

మందాకిని వెనక్కి తిరిగి పైదాకా ఆ తాడునంతా చూసింది.

"మూడు ముళ్ళు వేసి ఎక్కించారు," అంది నాతో. "దింపడానికి నలభై నాలుగు కావలసి వచ్చాయి."

సంచీ చంకన పెట్టుకుని, గేటు దగ్గర ఆగిన కూరగాయల బండికేసి నడిచింది.